పేరు కావలసినవాళ్ళు

పల్పరు పిడి ఒక చేత్తో తిప్పుతూ, రెండో చేత్తో కాఫీ పళ్ళు లోపలికి తోస్తోంది గంగ. ఎర్రటి తొక్కలు ఒకవైపు, జిగటజిగటగా గింజలు ఒకవైపు పడుతున్నాయి. ఎండ ముదిరేలోగా ఈ రెండు బస్తాలూ అయిపోతే కడిగి పట్టాల మీద ఆరబోసుకోవచ్చు. సరిగ్గా అప్పుడే తమ్ముడు ధనుంజయ్ అనంతగిరి నుంచి బండి మీద వచ్చాడు. దిగీ దిగకముందే అరుపు మొదలుపెట్టాడు.

"అప్పా! మనూరు పేపర్లో పడ్డాది!"

"పడితే పడ్డాది గానీ ఆ అరుపేటి? ఇలా తే."

చేతులు చీర కొంగుకి తుడుచుకుని పేపరు అందుకుంది. జిల్లా పేజీలో, అడుగున. పెద్ద అక్షరాలతో 'పనసగుడలో మూడు వేల ఏళ్ళ నాటి నిలువు రాళ్ళు'. దాని కింద చిన్న అక్షరాలతో 'ఔత్సాహికుల గుర్తింపు'. ఫొటోలో ఊరి పైన గట్టు మీది రాళ్ళ వరస. వాటిలో అన్నిటికన్నా పొడుగు రాయి మీద చెయ్యి ఆనించి, టోపీ పెట్టుకుని, నవ్వుతూ విశాఖపట్నం సర్వేశ్వరరావు గారు. నెల కిందట కారులో వచ్చి, దారి చూపించమంటే గంగే పని మానుకుని గట్టు మీదికి తీసుకెళ్ళింది.

ఆయన చెయ్యి వేసిన రాయి గంగ తండ్రిది, పోయాక అతని గుర్తుగా ఊరివాళ్ళు పాతినది.

గంగ ఏడో తరగతి దాకా చదివిన మనిషి. వేలు పెట్టుకుని ఒక్కో వాక్యం చదివింది. 'ఒక స్థానిక మహిళ దారి చూపగా' పదకొండు రాళ్ళను ఔత్సాహికులు గుర్తించారట. పొడుగు రాయికి నిలువునా ఉన్న తిన్నని గాడిని సూర్యుడి నీడ కొలవడానికి ఆదిమానవుడు చెక్కాడట. అంత తిన్నగా చెక్కడం ఆనాటి మనిషి నైపుణ్యానికి నిదర్శనమట. ఇవి తమ పూర్వీకుల రాళ్ళని స్థానికుల నమ్మకమట.

"నమ్మకమా?" అంది గంగ.

ధనుంజయ్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. "సూడప్పా, ఎంత పెద్ద ఫొటో ఏసినారో!"

"నాను ఆయనకి ఏటి సెప్పినానురా? ఇది మా అయ్యది సార్, పాతి ఇరవయ్యేడేళ్ళయింది అని సెప్పినాను. నువ్వూ పక్కనే ఉన్నావు. ఆయన పుస్తకంలో రాసుకున్నాడు కూడా."

రాసుకున్నాడు, నిజమే. అయ్య అన్న మాటని పూర్వీకులుగా రాసుకున్నాడు. ఇరవయ్యేడేళ్ళు అన్న మాటని అసలు రాసుకోలేదు. గంగ కళ్ళతో చూసినదానికి నమ్మకమని పేరు పెట్టాడు, తను కారులో కూర్చుని ఊహించినదానికి గుర్తింపని పేరు పెట్టాడు. ఆ ఊహకి ఫొటో కూడా పడింది.

పేపరు మడిచి చూరులో దోపింది. పల్పరు పిడి పట్టుకుని, ఇందాకటికంటే రెట్టింపు వేగంతో తిప్పింది. నలిగిన పళ్ళ రసం మొహం మీద చిందినా తుడుచుకోలేదు.

"అప్పా, మెల్లగా. గింజ నలిగిపోద్ది."

"మంగళవారం అమ్మ రాయి. గుర్తుందా నీకు?"

"ఉంది." ఆ ఉంది అన్న తీరు గంగకి నచ్చలేదు. తమ్ముడు జేబులోంచి ఒక కార్డు తీశాడు. ప్లాస్టిక్ తొడుగులో తన ఫొటో, పేరు, దాని కింద 'స్థానిక సమన్వయకర్త'. "సార్ ఇచ్చినారు. గట్టు సుట్టూ కంచె ఏత్తారట. తాళంసెవి నాకాడే ఉంటాది."

ఎవరికి కంచె, ఎవరి మీద కంచె అని గంగ అడగలేదు. అడిగితే తన నోట తిట్టే వచ్చేలా ఉంది.

రెండేళ్ళ కిందట ఇదే నెలలో తల్లి సుక్రి పోయింది. రాయి నిలబెట్టేదాకా పోయినవాళ్ళు గడప దాటిపోరు, నిలబెట్టాక ఆ రాయిలోనే ఉండిపోతారు. అందుకే ఇప్పటికీ పొయ్యి పక్కన ఆమెకొక ముద్ద పెడుతున్నారు. వచ్చే మంగళవారం దాటితే మళ్ళీ ఏడాది దాకా రోజు లేదని ఊరికి ముహూర్తాలు చూసే దిశారి తాత వేళ్ళు లెక్కపెట్టి చెప్పాడు. రాయిని వెతకాల్సిన పని కూడా లేదు. ఘాట్ రోడ్డు మూడో మలుపు దగ్గర ఎప్పటినుంచో పడి ఉంది. సంతకి వెళ్ళొచ్చేటప్పుడు సుక్రి ప్రతిసారీ దాని మీదే కూర్చుని ఆయాసం తీర్చుకునేది.

"ఇదే నా రాయి," అనేది. "దీని రెండో ముక్క మీ అయ్యది. ఈ రోడ్డు పనిలో నానూ మీ అయ్యా ఏడు నెల్లు చేసినాం గదా. ఆ బండ పేల్చిన రోజు ఇక్కడే ఉన్నాం. ఇంజినీరుబాబు గొడుగు కింద నిలబడి, ఏయ్, ఏయ్ నువ్వే, అని అరిసీవోడు. ఏడు నెల్లూ ఏయ్ తప్ప నా పేరేటని అడిగిన పాపాన పోనేదు."

*

మర్నాడు కారు వచ్చింది. సర్వేశ్వరరావు గారు, పళ్ళ డాక్టరు రాజకుమారి గారు, డ్రోను కెమెరా ఉదయ్. ముగ్గురూ గంగ అరుగు మీదే కూర్చున్నారు. గట్టెక్కే ముందు కాస్త కాఫీ దొరుకుతుందా అని అడిగారు. సొంత గింజ వేయించి, దంచి కాచిన కాఫీ. గంగ పొయ్యి ముందు కూర్చుని వడగడుతుంటే అరుగు మీది మాటలన్నీ వినబడుతున్నాయి.

పెద్దాయన మండిపడుతున్నాడు. గంగకి ముందు ఆశ పుట్టింది. పేపరువాడు తప్పు రాశాడని ఈయనకీ కోపంగా ఉంది కాబోలు అనుకుంది.

"ఔత్సాహికులట! పదేళ్ళుగా ఎండనక వాననక తిరుగుతుంటే మనల్ని ఔత్సాహికులంటాడా వాడు? ఔత్సాహికులంటే ఎవరు? ఆఫీసు అయ్యాక మీసాలు అంటించుకుని నాటకాలేసేవాళ్ళు!"

"అవును సర్, చాలా ఇన్సల్టింగ్‌గా ఉంది," అంది రాజకుమారి గారు. "గట్టు మీద పెట్టే బోర్డు మీదైనా కరెక్టుగా వేయించాలి. చరిత్ర ప్రేమికులు అంటే?"

"ప్రేమికులా? పార్కు బెంచీ గుర్తొస్తుందమ్మా."

"చరిత్ర అభిమానులు?" అన్నాడు ఉదయ్.

"అభిమానులు హీరోలకుంటారు. కటౌట్లు కడతారు."

"వారసత్వ పరిరక్షకులు?"

"వాచ్‌మన్ డ్యూటీలా లేదూ? చరిత్రకారులు అందామంటే యూనివర్సిటీవాళ్ళు ఊరుకోరు, డిగ్రీ ఏదంటారు."

మూడు గ్లాసులూ అందించి గంగ గుమ్మం దగ్గర నిలబడింది. కాఫీ బ్రహ్మాండంగా ఉందన్నారు. మళ్ళీ తమ గొడవలో పడ్డారు. అన్వేషకులు అని ఒకరు, జిజ్ఞాసువులు అని ఒకరు. ఆ మాట బోర్డు రాసేవాడికి రాదని ఇంకొకరు. గ్లాసులు ఖాళీ అయ్యేసరికి ఒకటి తేలింది. స్వతంత్ర చరిత్ర పరిశోధకులు. సర్వేశ్వరరావు గారు ఆ మూడు మాటలూ పైకి అని చూసుకుని తల పంకించారు. కొత్త చొక్కా తొడుక్కుని అద్దం ముందు నిలబడిన మనిషిలా ఉన్నారు.

అంతసేపు తమ పేరు గురించే మాట్లాడుకున్న మనుషులు, కాఫీ ఇచ్చిన మనిషి పేరు అడగలేదు.

"సార్," అంది గంగ. "ఆ పొడుగు రాయి మా అయ్యది. మూడు వేలేళ్ళు కాదు. నాకు పదకొండేళ్ళప్పుడు పాతినారు. అడ్డతీగలు పేని తాళ్ళు కట్టి లాగినారు, నాను ఎనకాల దుంగలు అందించినాను."

పెద్దాయన జాలిగా నవ్వాడు. "చూడమ్మా, మీరు అలా అనుకోవడంలో తప్పులేదు. తరతరాలుగా ఆ రాళ్ళని మీవే అనుకుంటూ వచ్చారు. దాన్ని మేం గౌరవిస్తాం. మీ నమ్మకం అని రాశాం కూడా."

"నమ్మకం కాదు సార్. మాయమ్మ పోయింది. మంగళవారం మాయమ్మ రాయి ఆ పక్కనే నిలబెట్టాల. కంచె ఏత్తే ఎలాగ?"

రాజకుమారి గారు గ్లాసు కింద పెట్టింది. "అయ్యో, అక్కడ కొత్త రాయా? సైటు మొత్తం డిస్టర్బ్ అయిపోతుంది. వేరే చోట పెట్టుకోండి, కొండంతా మీదే కదా."

"పురావస్తు శాఖ ఆఫీసుకి లెటర్ పెట్టేశాం," అన్నారు సర్వేశ్వరరావు గారు. "ఇక దాని మీద చెయ్యి వేస్తే కేసవుతుంది. నీ మంచికే చెబుతున్నాను. ఈ కొండలు నాకు కొత్త కాదమ్మా. ఈ ఘాట్ రోడ్డు వెడల్పు చేయించింది నేనే. అప్పుడు ఇక్కడ ఇంజనీర్ని. ప్రతి మలుపూ తెలుసు నాకు."

ఖాళీ గ్లాసులు తీస్తున్న గంగ చెయ్యి ఆగింది. ఆయన మొహంలోకి తేరిపార చూసింది. టోపీ కింద బట్టతల, తెల్లటి కనుబొమలు, మంచి బట్టలు. తల్లి చెప్పిన గొడుగుని మనసులోనే ఆయన చేతిలో పెట్టి చూసుకుంది. గ్లాసులు తీసుకెళ్ళి బూడిద పెట్టి తోమింది. తోమడం అయ్యాక కూడా ఇంకాసేపు తోమింది.

సాయంత్రానికి సిమెంటు స్తంభాలు దిగాయి. మర్నాటికి ముళ్ళతీగ, ఇనప గేటు, దానికి తాళం. తమ్ముడు తాళంచెవిని మొలతాడుకి కట్టుకుని తిరిగాడు.

*

మంగళవారం తెల్లవారగానే పద్నాలుగు మంది మూడో మలుపుకి చేరారు. ఆడవాళ్ళు ముందు రాయిని కడిగి పసుపు పూశారు. పచ్చి అడ్డతీగల్ని మూడు పేటలుగా పేని నడుముకి చుట్టారు. కింద పలుగులు దూర్చి ఒక్కసారిగా ఎత్తితే గానీ రాయి మట్టిని వదల్లేదు. వదిలాక దాని అడుగు భాగం తడిగా, నల్లగా బయటపడింది. ఆ తడిలో నిలువునా ఒక గాడి, పై నుంచి కింది దాకా బొటనవేలు పట్టేంత వెడల్పున, గీత గీసినట్టు తిన్నగా ఉంది. గంగ దాన్ని అరచేత్తో తుడిచింది.

ట్రాక్టరు ఎక్కే దారి కాదది. దుంగల మీద దొర్లించుకుంటూ లాగారు. వెనకాల వదిలిన దుంగని పరిగెత్తి ముందుకి తెచ్చి వెయ్యడం గంగ పని. అయ్య రాయి లాగినప్పుడూ ఇదే పని చేసింది. అప్పుడు తల్లి తాడు పట్టుకుంది, ఇప్పుడు తల్లిని తాడు కట్టి లాగుతున్నారు. ఆ ఆలోచన వచ్చినా దుంగ అందించడం ఆపలేదు.

గట్టు మీద గేటు తాళం వేసి ఉంది. ధనుంజయ్ గేటు ముందు నిలబడ్డాడు. మెడలో కార్డు.

"అప్పా, కేసెడతారట. నా పేరు రాసుకున్నారు. జైలుకి పోతాను."

"తాళం తియ్యి."

"వాళ్ళు వత్తన్నారు. బోర్డు తెత్తన్నారు. వాళ్ళతో ఒక్కమాట సెప్పి…"

"ఏటి సెప్తావు? మాయమ్మని లోపలికి ఒగ్గండి బాబూ అని అడుగుతావా?" గంగ గొంతు గట్టంతా వినిపించింది. "నీ మెడలో కార్డు మీద ఏటి రాసినారో ఒకసారి సదువు. కొడుకు అని ఉందా? ఉందా సెప్పు!"

పద్నాలుగు మంది తాళ్ళు పట్టుకుని నిలబడే ఉన్నారు. రాయి వాలులో ఆగి ఉంది, ఎంతోసేపు ఆపలేరు. ధనుంజయ్ వాళ్ళ చేతుల వంక చూశాడు. కార్డు మెడలోంచి తీసి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. మొలతాడు విప్పడం చేతకాక పళ్ళతో కొరికి తాళంచెవి తీశాడు.

గొయ్యి సగం తవ్వేసరికి ఊళ్ళో మిగతావాళ్ళూ గట్టు మీదికి చేరారు, కారు చప్పుడూ వినిపించింది. ముందు రాజకుమారి గారు పరిగెత్తుకొచ్చింది. ఆవిడ వెనక ఉదయ్, బోర్డుని చంకలో పెట్టుకుని. దాని మీద తాజా రంగుతో పెద్ద అక్షరాలు, స్వతంత్ర చరిత్ర పరిశోధకులు అన్న మాట, కింద ముగ్గురి పేర్లు.

"ఆపండి! ఏం చేస్తున్నారు మీరు? మూడు వేల ఏళ్ళ సైటుని తవ్వేస్తారా? ఉదయ్, వీడియో తియ్యి!"

"తియ్యండి బాబూ, బాగా తియ్యండి," అంది గంగ పలుగు దింపకుండానే. "మీ పేరు ఒక్కక్షరం తేడాగా రాత్తే ఊరు కాని ఊరొచ్చి మాయింటి అరుగు మీద కూకుని గోలెట్టారు. మాయయ్యని నిన్నటోడు కాదు, ఎవుడో అడివి మనిషి అని రాసినారు. నాకు కోపం రాకూడదా? అయ్యకి రాయి పాతితే ఏడిసింది నాను. మీరా ఏడిసింది?"

దిశారి తాత చెయ్యి ఊపాడు. తాళ్ళు బిగిశాయి. రాయి మొదలు గోతిలోకి జారి, వణికి, మెల్లగా లేచింది. భర్త రాయికి ఎదురుగా తిప్పి నిలబెట్టారు, గాడికి గాడి ఎదురుగా. అలా నిలబెట్టాలని ఎవరూ చెప్పలేదు, అందరికీ తెలుసు.

సర్వేశ్వరరావు గారు అప్పటికి గట్టెక్కారు. ఆయాసపడుతూనే రెండు రాళ్ళ మధ్యకి వచ్చి నిలబడ్డారు. ఒకదాని గాడి పాచి పట్టి పచ్చగా ఉంది, రెండోదాని గాడి ఇప్పుడే కడిగినట్టుంది. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. చూపుడువేలు కొత్త రాయి గాడిలో పెట్టి పై నుంచి కిందికి దించారు. తర్వాత పాత రాయి గాడిలో. ఎక్కడా వేలికి అడ్డు తగల్లేదు.

"ముప్పై నాలుగు మిల్లీమీటర్ల రాడ్డు," అన్నారు తనలో తను. "కంప్రెసర్ డ్రిల్లు."

బండకి బొక్క వేసి, మందు దట్టించి పేలిస్తే, బొక్క మధ్యకి చీలి రెండు ముక్కలకీ చెరి సగం మిగులుతుంది. ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఆయన అలాంటి గాళ్ళు కొన్ని వేలు చూసి ఉంటాడు. రోడ్డు కూలీలందరికీ తెలిసిన సంగతి. పరిశోధకుడు అయ్యేసరికి ఆయనకే కనబడకుండా పోయింది.

రాజకుమారి గారికి అర్థమయింది. దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "సర్, ఇప్పుడు బయటపెట్టకండి. సెమినార్‌కి పేపరు పంపేశాం. ఈ గాడి సంగతి ఎవరికీ తెలీదు కదా."

"ఎవులికీ తెలీదా?" గంగ చేతిలో పలుగు రాయికేసి ఠంగుమంది. "ఇక్కడ ముప్పై మందిమి ఉన్నాం. అందరికీ తెలుసు. మేం మీకు ఎవులమూ కామా అమ్మా? ఎవులిలోనూ లెక్క కామా?"

ఆవిడ తల దించుకుంది. ఉదయ్ ఫోను జేబులో పెట్టేశాడు. బోర్డుని ఎక్కడ పెట్టాలో తెలియక కాసేపు పట్టుకుని, తర్వాత రాసిన వైపు కనబడకుండా గడ్డిలో వాల్చాడు.

మట్టి పోయడం మొదలయింది. వచ్చినవాళ్ళంతా ఒక్కొక్కరే దోసెడు మట్టి రాయి మొదట్లో పోసి, తామెవరో పోయిన మనిషికి చెప్పాలి. చెప్పకపోతే ఎవరొచ్చారో ఆమెకి తెలియదు.

"నాను నీ కూతుర్నమ్మా, గంగని."

"నీ కొడుకునే, ధనుంజయ్‌ని." వాడి ఏడుపు అందరికీ వినబడింది.

"నీ కూడా కూలికొచ్చినదాన్ని." "నీ ఎదురింటోణ్ణి." "నీకాడ అప్పుడు సారా తాగినోణ్ణి." నవ్వులూ ఏడుపులూ కలిసిపోయాయి.

వరస చివరికి వచ్చింది. సర్వేశ్వరరావు గారు వంగి దోసెడు మట్టి తీసుకున్నారు. ఎవరూ పిలవలేదు, ఎవరూ వద్దనలేదు. టోపీ తీసి చంకలో పెట్టుకుని రాయి ముందుకి వచ్చారు.

"సెప్పు బాబూ," అన్నాడు దిశారి తాత. "నువ్వెవులివో ఆమెకి సెప్పు."

"నేను…" అన్నారాయన. "నేను స్వతంత్ర…" అక్కడ ఆగిపోయారు.

వేళ్ళ సందుల్లోంచి మట్టి రాలుతోంది. ఆ మాట ఏమిటో గంగకి తెలుసు. అరుగు మీద గ్లాసులు తీసిన రోజు నుంచీ నాలిక చివరే ఉంది. అందిస్తే ఆయన పని తేలిగ్గా అయిపోతుంది. గంగ పళ్ళు బిగించి నిలబడింది. అందించలేదు.

చివరికి ఆయనే అన్నారు, ఎవరికీ వినబడకూడదన్నట్టు.

"రోడ్డు పని చేయించినవాణ్ణి. ఇంజనీర్ని."

దిశారి తాత చెవి ఒగ్గి, సరిగ్గా వినబడక గంగ వైపు చూశాడు.

"ఇంజినీరుబాబు తాతా," అంది గంగ గట్టిగా, తల్లికి కూడా వినబడేలా. తర్వాత ఆయన వైపు తిరిగింది. "పొయ్యండి. మాయమ్మ మిమ్మల్ని ఎరుగును. ఏడు నెల్లు మీ గొడుగు ముందే రాళ్ళు మోసింది. మీరే ఆమెని ఎరగరు."

ఆయన చేతుల్లో మిగిలిన మట్టి పోశారు. తల ఎత్తకుండానే అడిగారు.

"ఆమె పేరేమిటమ్మా?"

గంగ పలుగు తీసి పక్కన పెట్టింది. మట్టిని పాదంతో అదిమింది, రాయి కదలకుండా ఉందో లేదో భుజం ఆనించి చూసుకుంది.

"ఆమెనే అడగండి," అంది. "ఇప్పుడు ఎక్కడికీ పోదు."